ట్రూత్ టేబుల్ చెప్పని ముచ్చట

మా మినీ ప్రాజెక్ట్ డెమో రోజు టేబుల్ మీద మూడు బల్బులు పెట్టాం. స్విచ్ వేసిన 8 సెకన్లకు మొదటిది వెలగాలి, 16 సెకన్లకు రెండోది, 24 సెకన్లకు మూడోది. వెలిగినవి వెలిగినట్టే ఉండాలి. మొదటిది టైంకు వెలిగింది. మా నలుగురి మొఖాలు కూడా వెలిగాయి. రెండోదీ టైంకే వెలిగింది. కానీ అది వెలగంగనే మొదటిది ఆరిపోయింది.

ఎగ్జామినర్ సార్ చూసి, "ఏంది, మొదటి మోటర్‌కు బిల్లు కట్టలేదా?" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఇంకేం చేస్తాం?

ముందు రోజు సాయంత్రం అదే బోర్డు పది సార్లలో ఏడెనిమిది సార్లు బాగానే పనిచేసింది. అందుకే రిలే మీద అనుమానపడ్డాం. బ్రెడ్‌బోర్డ్ లూజ్ అనుకున్నాం. ఐసీలు మార్చాం. అడాప్టర్ మార్చాం. ఒకడైతే "నిమ్మకాయ కట్టాలె" అన్నాడు. తప్పు వీటిలో దేంట్లోనూ లేదు. తప్పు దొరికింది ఒక పేపరూ పెన్సిలూ పట్టుకొని కూర్చున్నాకే. ఆ రాత్రి నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. మనం టైమింగ్ డయాగ్రమ్‌ను పరీక్షలో గీసే పది మార్కుల బొమ్మగా నేర్చుకుంటున్నాం. సర్క్యూట్‌కు కరెంటు ఇచ్చే ముందు గీసుకోవాల్సిన లెక్కగా ఎవరూ మనకు నేర్పలేదు, మనమూ నేర్చుకోలేదు. దీనివల్ల పోయేది మార్కులొక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

ముందు ఈ మూడు బల్బులు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి.

మాది జగిత్యాల దిక్కు పల్లెటూరు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు వ్యవసాయానికి కరెంటు 24 గంటలు ఉండేది కాదు. విడతలుగా వచ్చేది, ఒక్కోసారి అర్ధరాత్రి వచ్చేది. టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోతే పాము భయం, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుంటే షాక్ భయం. అందుకే అందరూ ఆటో స్టార్టర్లు పెట్టించుకున్నారు. కరెంటు రాంగనే మోటర్ దానంతట అదే నడుస్తుంది, మనిషి ఇంట్లో పండుకోవచ్చు.

ఒక యాసంగిలో, వరి పొట్టకొచ్చిన రోజుల్లో, మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రైతులు తలా కొంత పైసలేసుకొని ట్రాక్టర్ మీద రిపేర్‌కు తీసుకపోయారు. అది తిరిగొచ్చేసరికి మా కింది మడులు ఎండిపోయాయి. "మోటర్లు ఎక్కువైనయా బాపు?" అని అడిగాను. "మోటర్లు ఎప్పుడున్నన్నే ఉన్నయి బిడ్డా. అన్నీ ఒక్కపారే లేస్తున్నయి, గదే బాధ" అన్నాడు.

ఆ మాటలో ఎంత ఇంజినీరింగ్ ఉందో నాకు థర్డ్ ఇయర్ దాకా అర్థం కాలేదు. లెక్క వేసి చూడండి. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటర్ మామూలుగా నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే ఆ కొన్ని సెకన్లు దాదాపు ఆరింతలు, అంటే 45 ఆంపియర్లు గుంజుతుంది. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజ్‌కు 85 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. దాని కింద పది మోటర్లు నడుస్తుంటే 75. సరిపోతుంది. ఆ పదీ ఒకేసారి లేస్తే 450. అదే ఒకదాని తర్వాత ఒకటి లేస్తే, ఆఖరిది లేచేటప్పుడు కూడా, నడుస్తున్న తొమ్మిదింటికి 67.5, లేచేదానికి 45, మొత్తం 112.5. అదీ కొన్ని సెకన్లే. అవే మోటర్లు, అదే ట్రాన్స్‌ఫార్మర్. మారింది 'ఎప్పుడు' అన్నది ఒక్కటే.

ఆటో స్టార్టర్‌కు ట్రూత్ టేబుల్ రాస్తే రెండు వరుసలు. కరెంటు లేదు, మోటర్ ఆఫ్. కరెంటు ఉంది, మోటర్ ఆన్. రెండూ కరెక్టే. పది బాయిల దగ్గర పది టేబుళ్లూ కరెక్టే. అయినా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అదే పది మోటర్లకు ఒకదాని కింద ఒకటి పది గీతలు గీసి, అన్నీ ఒకే నిలువు గీత దగ్గర పైకి లేవడం చూపిస్తే, ఏడో తరగతి పిల్లవాడు కూడా "ఇక్కడ మీద పడ్తది" అని వేలు పెట్టి చూపిస్తాడు. టైమింగ్ డయాగ్రమ్ అంటే అంతే. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది, ఒక్కో సిగ్నల్‌కు ఒక్కో గీత, ఏది ఎప్పుడు లేచింది, ఏది ఎప్పుడు దిగింది, దేన్ని చూసి ఏది కదిలింది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పుడు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని, నీళ్లు వృథాగా తోడొద్దని ప్రభుత్వం రైతులకు మళ్లీ మళ్లీ చెప్పింది. మా ఊళ్లో కొందరు తీశారు, కొందరు ఉంచుకున్నారు. గాలివానకు లైన్ ట్రిప్ అయి మళ్లీ వచ్చినప్పుడు పాత కథే. అందుకే మా ప్రాజెక్ట్: ఒక్కో బాయికి ఒక్కో వంతు ఇచ్చే డిలే స్టార్టర్. మోటర్ల జాగాలో బల్బులు.

సర్క్యూట్ పెద్దదేం కాదు. 555 టైమర్ రెండు సెకన్లకో పల్స్ ఇస్తుంది. రెండు 74ఎల్‌ఎస్76 ఐసీలతో నాలుగు బిట్ల రిపుల్ కౌంటర్. లెక్క 4 కు వస్తే మొదటి లాచ్ సెట్, 8 కి రెండోది, 12 కు మూడోది, అక్కడ కౌంటర్ ఆగిపోతుంది. ఇక్కడిదాకా బాగుంది. మేం ఇంకో తెలివి చేశాం. కరెంటు వచ్చినప్పుడు కౌంటర్ 0 దగ్గర మొదలవుతుంది కదా, లెక్క 0000 ఉన్నప్పుడు అన్ని లాచ్‌లూ క్లియర్ అయ్యేలా ఒక నాండ్ గేటు పెట్టాం. మొదట్లో అన్నీ ఆఫ్‌లో ఉండాలని మా ఉద్దేశం. ట్రూత్ టేబుల్ ప్రకారం 0000 ఒక్కసారే వస్తుంది, మొట్టమొదట.

హాస్టల్లో ఆ రాత్రి నలుగురం కూర్చున్నాం. మా టీంలో ఉట్నూరు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. టెన్త్ దాకా తెలుగు మీడియం. క్లాసులో పెద్దగా మాట్లాడదు. వీడియో కాల్‌లో మేం ముగ్గురం మూడు థియరీలు చెప్తుంటే విని విని, "ఏడు తర్వాత ఎనిమిది వస్తది, సరే. ఎట్ల వస్తది?" అని అడిగింది. మాకు ప్రశ్నే అర్థం కాలేదు. వచ్చేది వస్తుంది, దాంట్లో ఎట్లా ఏంది?

ఆమె నాలుగు గీతలు గీసి ఫొటో పంపింది. రిపుల్ కౌంటర్‌లో క్లాక్ మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌కే అందుతుంది. మొదటిది దిగడం చూసి రెండోది మారుతుంది, రెండోది దిగడం చూసి మూడోది, మూడోది దిగడం చూసి నాలుగోది. మనకు తెలిసిన పోలిక చెప్పాలంటే కాకతీయ కాలువ. పోచంపాడు నుంచి లోయర్ మానేరు దాకా 146 కిలోమీటర్లు, మొత్తం పొడవు 284 కిలోమీటర్లు. పోచంపాడులో గేటు ఎత్తిన క్షణానికే చివరి ఆయకట్టు రైతు మడిలో నీళ్లు పారవు. మధ్యలో ఒక్కో ఊరికి ఒక్కో సమయానికి నీళ్లు చేరుతాయి. ఫ్లిప్‌ఫ్లాప్‌లకు కిలోమీటర్లు లేవు, నానో సెకన్లున్నాయి. ఒక్కో 74ఎల్‌ఎస్76 మారడానికి 15 నుంచి 20 నానో సెకన్లు.

ఆ ఆలస్యంతో గీస్తే, 7 నుంచి 8 కి పోయే దారి ఇట్లా ఉంటుంది. 0111 నుంచి ముందు 0110. తర్వాత 0100. తర్వాత 0000. అప్పుడు గానీ 1000 రాదు. అంటే 7 కూ 8 కీ మధ్య మా కౌంటర్ సున్నాను తాకి వెళ్తోంది. 20 నానో సెకన్ల లోపే. మా నాండ్ గేటుకు అది చాలు. "0000 వచ్చింది, అన్నీ క్లియర్" అనేసింది. మొదటి బల్బు ఆరింది, వెంటనే 1000 వచ్చింది, రెండో బల్బు వెలిగింది. 11 నుంచి 12 కు పోయే దారిలో 0000 తగలదు. అందుకే మూడోది వెలిగినప్పుడు రెండోది ఆరలేదు. ఇక లాచ్ క్లియర్ కావడానికి కనీసం ఇంత వెడల్పు పల్స్ ఉండాలని డేటాషీట్‌లో రాసి ఉంటుంది. మాది ఆ హద్దు కంటే చిన్నది. కాబట్టి ఒకసారి పట్టేది, ఒకసారి పట్టేది కాదు. పది సార్లలో ఏడెనిమిది సార్లు పనిచేయడం వెనుక రహస్యం అదే.

మేం అప్పటిదాకా వాడిన పనిముట్లు ఒక్కసారి చూడండి. మల్టీమీటర్‌కు 20 నానో సెకన్లు కనబడవు. ఎల్‌ఈడీ పెట్టినా మన కంటికి ఆనదు. ల్యాబ్‌లోని 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌ఓ మీద, స్విచ్ వేసినప్పుడల్లా వచ్చిపోయే అంత సన్నని పల్స్‌ను పట్టుకోవడం అయ్యే పని కాదు. సిమ్యులేషన్ అంటారా, అదీ చేశాం. వెరిలాగ్‌లో కౌంట్‌కు ఒకటి కలుపు అని రాసి రన్ చేస్తే మూడు సిగ్నళ్లూ ముచ్చటగా వచ్చాయి. సిమ్యులేటర్ అబద్ధం ఆడలేదు. ఆలస్యాలే లేని, నాలుగు బిట్లూ ఒకేసారి మారే సర్క్యూట్ గురించి అడిగాం, దాని గురించే చెప్పింది. బ్రెడ్‌బోర్డ్ మీదున్నది వేరే సర్క్యూట్. వీటన్నిటికీ దొరకనిది పెన్సిల్‌కు దొరికింది, ఎందుకంటే 'మధ్యలో ఏమైతది' అని అడిగింది పెన్సిల్ పట్టుకున్న మనిషి మాత్రమే.

సరిచేయడానికి పట్టింది ఒక్క వైరు. సున్నాను చూసే గేటు నుంచి లాచ్‌లకు పోయే వైరు పీకేసి, కౌంటర్‌ను మొదట్లో రీసెట్ చేసే రెసిస్టర్-కెపాసిటర్ జంటకే లాచ్‌ల క్లియర్‌నూ కలిపాం. తర్వాత యాభై సార్లు స్విచ్ వేసి చూశాం. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రిపుల్ కౌంటర్ మా అందరికీ సిలబస్‌లో ఉంది. ల్యాబ్‌లో చేశాం. రికార్డులో టైమింగ్ డయాగ్రమ్ కూడా గీశాం. ఎట్లా గీశాం? సీనియర్ రికార్డు ముందు పెట్టుకొని, స్కేలుతో, నీలం పెన్నుతో, అన్ని అంచులూ ఒకే నిలువు గీత మీద పడేట్టు, అందంగా. ఆ బొమ్మలో ఆలస్యం లేదు. ఆలస్యం లేని రిపుల్ కౌంటర్ బొమ్మ గీసి, సంతకం పెట్టించుకొని, మార్కులు తెచ్చుకున్నాం. రిపుల్ అన్న పేరే ఆలస్యం నుంచి వచ్చింది. పెళ్లికొడుకు లేని పెళ్లి ఫొటోకు ఫ్రేమ్ కట్టించినట్టు.

8085 సంగతీ అంతే. ఎస్‌టీఏ 526ఏ కు టైమింగ్ డయాగ్రమ్ గీయమంటే నిద్రలో లేపినా గీస్తాం. నాలుగు మెషిన్ సైకిళ్లు, 4, 3, 3, 3, మొత్తం 13 టీ-స్టేట్లు. 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే లోపలి క్లాక్ 3 మెగాహెర్ట్జ్, ఒక్కో టీ-స్టేట్ 333 నానో సెకన్లు, మొత్తం 4.33 మైక్రో సెకన్లు. బాగుంది. మరి ఏఎల్‌ఈ మొదటి టీ-స్టేట్‌లోనే లేచి దిగుతుంది ఎందుకు? ఆర్‌డీ బార్ దాని తర్వాతే దిగుతుంది ఎందుకు? వైవాలో ఇది అడిగితే మా బ్యాచ్‌లో సగం మంది గోడ గడియారం చూశారు, నాతో సహా. జవాబు బొమ్మలోనే ఉంది. 40 పిన్నుల చిప్‌లో అడ్రస్‌లోని కింది ఎనిమిది బిట్లకూ డేటాకూ అవే ఎనిమిది వైర్లు. ముందు అడ్రస్ వస్తుంది. ఏఎల్‌ఈ దిగేటప్పుడు బయట ఉన్న లాచ్ దాన్ని పట్టుకుంటుంది. తర్వాత వైర్లు ఖాళీ అయితే గానీ డేటా రావడానికి దారి ఉండదు. ఒకే గదిని ఇద్దరు అద్దెకున్నోళ్లు షిఫ్టుల్లో వాడుకున్నట్టు. ఈ వరుస తప్పితే ఇద్దరూ గుమ్మంలో గుద్దుకుంటారు.

సాహితీ క్లబ్ పత్రికలో ఈ గొడవ ఎందుకని అనుకునేవాళ్లకు ఒక మాట. బడిలో తెలుగు వాచకంలో సంక్లిష్ట వాక్యాలు చదివాం, గుర్తుందా? క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం. వచ్చి, వస్తూ, వస్తే. పరీక్ష అయిపోయాక మర్చిపోయాం. కానీ మెమరీ రీడ్ సైకిల్‌ను తెలుగులో చెప్పి చూడండి. "ప్రాసెసర్ అడ్రస్ పెట్టి, ఏఎల్‌ఈ దించి, ఆర్‌డీ బార్ కిందికి లాగి, డేటా తీసుకుంటుంది." ఒకటే వాక్యం. ఆఖరి క్రియ ఒకటే. ముందున్న మూడు 'ఇ'లు మూడు బాణాలు, ఏది ముందో ఏది తర్వాతో చెప్పేవి. "ఆర్‌డీ బార్ దిగి ఉండగా డేటా కదలకుండా ఉండాలి" అంటే ఒకేసారి జరిగే రెండు పనులు. "రీసెట్ దిగితే అన్నీ సున్నా" అంటే షరతు. తర్వాత, అదే సమయంలో, అయితే. టైమింగ్ డయాగ్రమ్‌లో ఉన్న సంబంధాలన్నీ దాదాపు ఈ మూడే. ఇవి మనకు అవ్వ దగ్గర మాటలు నేర్చుకున్నప్పుడే వచ్చేశాయి.

అందుకే ఆ ఉట్నూరు అమ్మాయి ముందుగా పట్టుకుందని నా నమ్మకం. ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌లో పేరా చదివి అర్థం చేసుకోవడానికి ఆమెకు మా కన్నా ఎక్కువ సమయం పడుతుంది, ఆ మాట ఆమే చెప్తుంది. కానీ ఆ పేరా పక్కనున్న బొమ్మలో ఇంగ్లిష్ లేదు. గీతలున్నాయి. ఫస్ట్ ఇయర్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చి, క్లాసులో నోరు తెరవడానికి భయపడి, బ్యాక్‌లాగ్‌లు పెట్టుకొని, "మాతోని కాదు" అనుకునే వాళ్లు మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్, మంచిర్యాల నుంచి ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. వాళ్లకూ మనకూ సమానమైన భాష ఈ బొమ్మ. దాన్ని కూడా బట్టీ సబ్జెక్టు చేసి, వాళ్లకు దొరికే ఒక్క తలుపునూ మూసేస్తున్నాం. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ ఇదే.

దీనికి వచ్చే అభ్యంతరాలు తెలుసు. మొదటిది: "ఇప్పుడు టూల్స్ అన్నీ చేస్తాయి, చేత్తో గీసేదేంది?" నిజమే, పెద్ద చిప్‌లలో లక్షల దారుల టైమింగ్ టూల్సే లెక్కగడతాయి. కానీ టూల్ ఇచ్చే రిపోర్టులో సెటప్, హోల్డ్ అన్న మాటలుంటాయి. 74ఎల్‌ఎస్74 డేటాషీట్ తీసి చూడండి: క్లాక్ అంచుకు 20 నానో సెకన్ల ముందు నుంచీ, 5 నానో సెకన్ల తర్వాత వరకూ డేటా కదలొద్దని ఉంటుంది. దీన్ని ఒక్కసారి చేత్తో గీసినవాళ్లకు ఆ రిపోర్టు అర్థమవుతుంది. గీయనివాళ్లకు అది ఎర్ర అక్షరాల లిస్టు మాత్రమే.

రెండోది: "ఆర్డుయినోకు లైబ్రరీలున్నాయి కదా." డీహెచ్‌టీ11 సెన్సర్‌నే తీసుకోండి. జూనియర్లందరి ప్రాజెక్టుల్లో ఉంటుంది. దానికి ఒకటే డేటా వైరు. 0 పంపినా 1 పంపినా ముందు 50 మైక్రో సెకన్లు కింద ఉంటుంది. తర్వాత 26 నుంచి 28 మైక్రో సెకన్లు పైన ఉంటే 0, దాదాపు 70 ఉంటే 1. మొత్తం 40 బిట్లు. అంటే అక్కడ సమాచారమంతా కాలంలోనే ఉంది. మధ్యలో మీ ప్రోగ్రాం ఇంకో పనిలో పడితే రీడింగ్ తప్పుతుంది. లైబ్రరీ పనిచేసినంతసేపు ఫర్వాలేదు. పనిచేయనప్పుడు "సెన్సర్ వేస్ట్" అని పారేసి కొత్తది కొంటున్నాం. ఇంట్లోవాళ్లు పంపిన పైసలతో.

మూడోది సార్లు చెప్పేది: ఒక్కో బ్యాచ్‌కు మూడు గంటల ల్యాబ్, అరవై మంది పిల్లలు, సిలబస్ పూర్తి కావాలి. ఇది న్యాయమైన మాట. అందుకే నేను అడిగేవి చిన్నవి. రికార్డులో గీసే ప్రతి టైమింగ్ డయాగ్రమ్‌లో కనీసం ఒక ఆలస్యం, డేటాషీట్ చూసి, అంకెతో సహా ఉండాలి. పరీక్షలో "గీయుము" అనే ప్రశ్నల్లో ఒకదాని బదులు, తప్పున్న డయాగ్రమ్ ఇచ్చి "ఎక్కడ తప్పింది, ఎందుకు" అని అడగాలి. లేదా "మెమరీ ఆలస్యంగా జవాబిస్తే రెడీ పిన్‌ను ఎప్పుడు దించాలి" అని అడగాలి. ఇవి సీనియర్ రికార్డులో దొరకవు. ఇక మనవైపు నుంచి, బ్రెడ్‌బోర్డ్‌కు సప్లై ఇచ్చే ముందు పది నిమిషాలు పెన్సిల్ పట్టుకోవాలి. ఏమొస్తుందని అనుకుంటున్నామో ముందు గీసుకోవాలి. అది లేకుండా సిమ్యులేటర్ చూపించింది చూడటమంటే, లెక్క చేయకుండా గైడ్‌లో ఆన్సర్ చూసినట్టే.

డెమో మళ్లీ ఇచ్చాం. మార్కులు సర్దుకున్నాయి. ఆ రాత్రి బాపుకు ఫోన్ చేసి, "ఏడు నుంచి ఎనిమిదికి పోయేటప్పుడు నడుమ సున్నాను తాకుతుంది బాపు, గందుకే మొదటిది ఆరింది" అని చెప్పాను. కొంచెం ఆగి, "గయితే మన బాయికాడ పెట్టేటప్పుడు నడుమల ఏమేం ఉన్నయో మంచిగ సూడు బిడ్డా. ఆడ బల్బులుండయి, మోటర్లుంటయి" అన్నాడు.

బాయికాడికి అది ఇంకా పోలేదు. కాంటాక్టర్, ఫేజ్ పోయినప్పుడు కాపాడే రక్షణ, వాన తడవని డబ్బా, ఇవన్నీ మిగిలి ఉన్నాయి. వాటికి మొదటి పేజీగా పది మోటర్ల గీతలు గీసి హాస్టల్ గోడకు అంటించాను. ఏ రెండూ ఒకే నిలువు గీత మీద లేవవు. మీ ప్రాజెక్టుకూ అట్లాంటి పేజీ ఒకటి ఉంటే, డెమోకు ముందు నాకు చూపించండి. నా పేజీ మీకు చూపిస్తాను. తప్పులుంటే ఇద్దరం దిద్దుకుందాం.